రెండు గాట్ల రాగి

ఆ ఏడు మా శాంతా ఇనెస్‌లో విత్తనాలతో పోటీపడి మనుషులు నేలలోకి వెళ్ళారు. జూన్‌లో మొదటి వానతో మొదలై ఆగస్టు ఇరవై నాలుగున ఆగింది. మా ఊరివీ, వాగు అవతలి సాన్ తెల్మో ఊరివీ కలిపి ఏడు శవాలు. ఏడోది మా అన్నది. దీనికంతకీ మూలం అరిగిపోయిన ఒక రాగి నాణెం, దాని కింద గంపెడు బొగ్గు. ఇప్పుడు చెబితే జనానికి నవ్వొస్తుంది. నాకు రాదు.

నాకప్పుడు పదిహేడేళ్ళు. ఇంట్లో నలుగురం. అమ్మ కాసిమీరా, అన్న హిలారియో, నాన్నకి నాన్న అయిన తాత ఎలీహియో, నేను. నాన్న నా చిన్నప్పుడే జ్వరంతో పోయాడు. తాతకి ఎనభై మూడేళ్ళు. రెండు కళ్ళకీ పొర కమ్మి పదేళ్ళయింది, అయినా చింత చచ్చినా పులుపు చావలేదు. గుమ్మం పక్కన కూచుని కిత్తనార తాళ్ళు పేనుతూ, వీధిలో ఎవరి గాడిద పోతోందో గిట్టల చప్పుడుతోనే చెప్పి, ఆ గాడిదనీ దాని యజమానినీ కలిపి తిట్టేవాడు.

ఆ రోజు హిలారియో మధ్యాహ్నం పొలం నుంచి వస్తూనే, నేను సన్నికల్లు మీద నూరుతున్న మొక్కజొన్న ముద్దలోకి ఏదో విసిరాడు.

"ఇదిగో నిన్ఫా, నీ పెళ్ళికి నా కానుక."

"ఈ కానుకకి తగ్గ మొగుణ్ణి కూడా నువ్వే దున్ని తీసుకురా అన్నా," అన్నాను.

ముద్దలోంచి తీసి చూస్తే పచ్చగా చిలుము పట్టిన బిళ్ళ. చిలుము కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. నిమ్మచెక్క, ఉప్పు, బూడిద వేసి తోమాను. ఎర్రగా తేలింది. ఒకవైపు విల్లులాంటి వంపు ఒకటి లీలగా ఉంది. రెండోవైపు అరిగి బోడిగా ఉంది. అంచున మాత్రం రెండు గాట్లు, ఎదురెదురుగా, ఎవరో కావాలని కత్తితో కొట్టినట్టు.

అది నా చేతిలోంచి జారి నేల మీద పడి మోగిందో లేదో, గుమ్మం దగ్గర తాళ్ళు పేనడం ఆగింది.

"అదేమిటే? ఇటు తే."

ఇచ్చాను. తాత దాన్ని వాసన చూశాడు. నాలుకకి తాకించాడు.

"నిమ్మకాయ పెట్టి తోమావా? గాడిదా! నూట నలభై ఏళ్ళుగా కట్టుకున్న చర్మం. ఒక్క పూటలో వలిచేశావు."

"మురికి తాతా."

"మురికి నీ బుర్రలో ఉంది." తిడుతూనే బొటనవేలితో బిళ్ళ మీద మెల్లగా రాస్తున్నాడు. "ఇది దక్షిణం రాగి. స్పెయిన్ వాళ్ళ మీద తిరగబడ్డప్పుడు మనవాళ్ళ దక్షిణపు సేన కొట్టించింది. ఇదిగో విల్లు, ఇక్కడ బాణం ఉండాలి, అరిగిపోయింది. ఇవి పుచ్చుకోండి, గెలిచాక వెండి ఇస్తాం అన్నారట. గెలిచారు. వెండి ఇచ్చినవాణ్ణి మాత్రం మా తాత కూడా చూడలేదు."

వేలు అంచు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఒక గాటు. బిళ్ళ తిప్పాడు. రెండో గాటు. తాత ముఖంలో తిట్లన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. ఎడమ చెయ్యి తనకి తెలియకుండానే చెంప మీదికి వెళ్ళింది.

ఆ చెంప కథ మేం వందసార్లు విన్నాం. తాతకి ఎనిమిదేళ్ళప్పుడు రెండు ఊళ్ళ పెద్దలూ సరిహద్దు రాయి కొత్తగా పాతారు. ఇటు పిల్లలు ముగ్గురు, అటు పిల్లలు ముగ్గురు. మా పిల్లల్ని వాళ్ళ పెద్ద, వాళ్ళ పిల్లల్ని మా పెద్ద చెంప పగిలేలా కొట్టి, "ఇక్కడ. గుర్తుంచుకో" అన్నారు. కొట్టాక నోట్లో బెల్లం ముక్క పెట్టారు. చెంపదెబ్బ తిన్న నోరు హద్దు గురించి అబద్ధమాడితే పుచ్చిపోతుందని రెండు ఊళ్ళలోనూ నమ్మకం. ఆ ఆరుగురిలో మిగిలింది తాత ఒక్కడే. రాయి మిగల్లేదు. దేశంలో గొడవల రోజుల్లో ఎవరో పీకి గోడకి వాడుకున్నారు. వాగు మూడుసార్లు దారి మార్చుకుంది, చెట్లు కొట్టేశారు. వాగే హద్దు అని మావాళ్ళు వాగు దాకా దున్నడం మొదలుపెట్టారు. "వాగు కాదురా, దానికి ఇటే ఎక్కడో" అని తాత గొణిగేవాడు. ఎక్కడో సరిగ్గా చూపించలేకపోయాడు, తర్వాత కళ్ళు కూడా పోయాయి.

"ఎక్కడ దొరికిందిరా?" అన్నాడు తాత.

"వాగు ఒడ్డున. ఇసుకలో," అన్నాడు హిలారియో.

"మన మూడు రాళ్ళ చేలో కాదా?"

"వాగు ఒడ్డున అన్నానుగా."

"కింద బొగ్గు ఉందా?"

హిలారియో నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "బొగ్గేమిటి? ఏం లేదు."

అన్న గోళ్ళ కింద నల్లగా ఉంది. నేను చూశాను. చెప్పలేదు. ముళ్ళకంప తగలబెట్టి ఉంటాడులే అనుకున్నాను. ఇప్పటికీ ఆ గోళ్ళే నాకు గుర్తొస్తాయి, అన్న ముఖం కంటే ముందు.

తాత నాణెం నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "బొగ్గు లేకపోతే ఇది ఉత్త రాగే. గాటు పెట్టిన నాణేలు బేరగాళ్ళ దగ్గర చాలానే ఉండేవి, ఎవడో పారేసుకున్నాడు. అయినా దాచు. ఎవరికీ ఇవ్వకు."

హద్దు రాయి కింద ఏముందో తాత ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవడో ఒకడు తవ్వి తనకి నచ్చిన చోట పాతుకుంటాడని పెద్దలు ఆ పిల్లల చేత ఒట్టు వేయించారట. ఆ ఒట్టు ఆయన నిలబెట్టుకున్నాడు. మా అన్న కూడా తన నమ్మకం ప్రకారం నోరు మూసుకున్నాడు. ఇద్దరిలో ఒక్కడు నోరు విప్పి ఉంటే నేనీ కథ చెప్పే పనే ఉండేది కాదు.

మూడో రోజు రొట్టెలూ చిక్కుడు గింజల కుండా తీసుకుని మూడు రాళ్ళ చేనికి వెళ్ళాను. నాగలి ఓ పక్క పడి ఉంది. ఎద్దులు ఎవరి చేలోనో మేస్తున్నాయి. వాగుకి ఎనభై అడుగులు ఇవతల నిలువెత్తు గొయ్యి, అందులో హిలారియో, వాడి స్నేహితుడు చోన్. ఇద్దరూ ఒళ్ళంతా మసి. గోతి అడుగున ఓ మూల బొగ్గు కుప్ప.

"ఎవరికి గొయ్యి?" అన్నాను.

"నోరు మూయవే!" అన్నాడు అన్న గునపం ఎత్తి. "నువ్వు వాగితే మిగిలింది కూడా బొగ్గయిపోతుంది!"

అప్పుడర్థమైంది. మా కొండల్లో పాతిన బంగారం సంగతి అందరికీ తెలిసిందే. అది ఎవరి నుదుట రాసి ఉందో వాళ్ళకే దొరుకుతుంది. తవ్వేవాడు నోరు జారినా, పరాయివాడి కన్ను పడినా బంగారం అక్కడికక్కడే బొగ్గయిపోతుంది. పై నుంచి ఒక నాణెం, దాని కింద బొగ్గు. మా అన్నకి ఇంకేం తోస్తుంది? కుండెడు బంగారం ఎవడి కన్నో పడి చెడింది, కింద ఇంకో కుండ చెడకుండా ఉండే ఉంటుంది! కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి ఎలుకైనా దక్కింది. వీళ్ళకి అదీ లేదు. దాని మీద మూడు రోజులుగా నిద్రలేదు, తిండి లేదు, ఒకడి మీద ఒకడికి అనుమానం.

అప్పుడు వచ్చాడు నసారియో.

సాన్ తెల్మో మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. వాగు దాటి, భుజం మీద ముల్లుగర్ర వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. నడుముకి మచ్చుకత్తి లేదు. నన్ను చూసి టోపీ తీశాడు.

"ఏం తమ్ముడూ హిలారియో, పని బాగా సాగుతోందా?"

"సాగుతోంది. నీ దారిన నువ్వు పో."

"పోతాలే. ఆ బొగ్గు మాత్రం కదపకు. తవ్వినంతవరకు చాల్లే, ఉన్నచోటే పూడ్చెయ్. మా నాయన చెప్పేవాడు..."

హిలారియో గోతిలోంచి ఒక్క ఊపులో పైకి వచ్చాడు. "బొగ్గుందని నీకెలా తెలుసు?"

"తెలుసు కాబట్టేగా చెబుతున్నా."

"ఎప్పట్నుంచి చూస్తున్నావురా? ఎప్పట్నుంచి?"

"ఏమిటి చూసేది? అది మా..."

మచ్చుకత్తి మెడకీ భుజానికీ మధ్య దిగింది. నసారియో పడలేదు. ఏదో చెప్పబోతున్నవాడిలా చెయ్యి ముందుకి చాచాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. మూడోది నేను చూడలేదు, కళ్ళు మూసుకున్నాను. నా చేతిలోంచి కుండ జారి పగిలిన చప్పుడూ, అతను నేల మీద పడిన చప్పుడూ ఒకేసారి విన్నాను. కళ్ళు తెరిచేసరికి చిక్కుడు గింజల్లోకి నెత్తురు కలుస్తోంది. చోన్ గోతిలోనే వాంతి చేసుకుంటున్నాడు.

"వీడి కన్నే," అన్నాడు హిలారియో రొప్పుతూ. "వీడి కన్నే పడింది."

తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మా అన్న మళ్ళీ గోతిలోకి దిగాడు. పైన ఆ మనిషి కాళ్ళు ఇంకా కొట్టుకుంటుండగా, కింద గునపంతో నాలుగు పోట్లు పొడిచి చూశాడు. మట్టి తప్ప ఏమీ తగల్లేదు.

మా ఊరి పెద్ద దోన్ ఎవారిస్తో ఆ సాయంత్రమే మనుషుల్ని పోగేసి తేల్చేశాడు. "మన నేలలోకి దొంగలా వచ్చాడు, దొంగలా చచ్చాడు. హిలారియో మన హద్దు కాపాడాడు." ఇక చూడండి, అన్న వీరుడైపోయాడు. మెస్కాల్ సారా కొట్టులో వాడికి ఊరికే పోశారు. నిధి మాట ఎవరూ ఎత్తలేదు, వీరుడికి నిధితో పనేముంది!

సాన్ తెల్మో వాళ్ళు నసారియోకి తొమ్మిది రోజుల ప్రార్థనలు పూర్తయ్యేదాకా ఆగారు. మర్యాద తెలిసినవాళ్ళు. పదో రోజు పొద్దున్నే మా ఎద్దులు రెండూ మడమ నరాలు తెగి చేలో పడి అరుస్తున్నాయి. అమ్మే వాటి గొంతులు కోసింది, ఇంకెవరికీ చేతులు రాలేదు. రేవు దగ్గర చోన్ వాళ్ళ చేతికి దొరికాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, మెస్కాల్ కొట్టులో గొయ్యి సంగతి వాగాడు. వాళ్ళకి తెలిసిపోయింది. చంపి, ఆ నోటి నిండా బొగ్గు కుక్కి పోయారు.

చోన్‌కి తల్లి లేదు. శవానికి స్నానం మేమే చేయించాం. నోట్లోంచి బొగ్గు తీసింది నేనే, వేలితో, ముక్క ముక్కగా. దవడ బిగుసుకుపోయి నా వేలు పళ్ళకి గీసుకుపోయింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే తాత అడిగాడు. "వాడి నోట్లో మట్టి కుక్కారా?"

"మట్టి కాదు తాతా. బొగ్గు."

"ఎక్కడి బొగ్గు?"

నేను చేతులు మళ్ళీ నీళ్ళలో ముంచాను. తాత లేచాడు. "హిలారియో!"

అన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి దాచలేదు. ఎక్కడ తవ్వాడో, ఎంత లోతులో నాణెం ఉందో, దాని కింద బొగ్గు ఎలా పేర్చి ఉందో అన్నీ చెప్పాడు. నిధి మాట కూడా చెప్పాడు.

తాత చేతికర్ర ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బ గాలికి పోయింది, రెండోది భుజానికి, మూడోది చెవికి తగిలింది. ఇరవై ఒక్కేళ్ళ మనిషి, ఒక్క తోపు తోస్తే ముసలాడు పడిపోతాడు. కానీ అన్న కదలకుండా నిలబడి తిన్నాడు. కర్ర విరిగేదాకా కొట్టాడు తాత.

"నిధి కాదురా, కుక్కా! సాక్షి! కర్ర చీకుతుంది, ఎముక చీకుతుంది, బొగ్గు చీకదు. అందుకే హద్దు కింద బొగ్గు పెడతారు. నాణేనికి ఒక గాటు వాళ్ళ పెద్ద పెట్టాడు, ఇంకోటి మన పెద్ద పెట్టాడు. నా కళ్ళతో చూశాను." తాత విరిగిన కర్రముక్క పారేశాడు. "వాడు గోతికి ఏ వైపు నిలబడ్డాడురా?"

"వాగు వైపు," అన్నాడు హిలారియో.

"అయితే వాడి పొలంలో నిలబడ్డవాణ్ణి నరికావు."

అమ్మ పెనం ముందు కూచుని అంతా వింది. రొట్టె మాడిపోతున్నా తిప్పలేదు.

జులైలో మావాళ్ళు సంతకి పోతున్న సాన్ తెల్మో వాళ్ళిద్దర్ని మలుపులో కాల్చారు. వాళ్ళు ఆదివారం గుడి నుంచి వస్తున్న మా ఊరి అన్నదమ్ములిద్దర్ని గుడి మెట్ల మీదే కాల్చారు. గుళ్ళో ఆడవాళ్ళు నెత్తురు కడుగుతుంటే, పైన గంట కొట్టేవాడు భయంతో దిగడం మానేసి కొడుతూనే ఉన్నాడు. మొక్కజొన్న మోకాలెత్తు పెరిగింది, కలుపు తీసేవాడు లేడు. పొలానికి పోయేవాడికి తోడుగా తుపాకి పట్టుకుని ఇంకొకడు పోవాలి. అలా ఎంతకాలం?

ఆగస్టులో పన్నెండుమంది సైనికులతో ఒక లెఫ్టినెంట్ దిగాడు. రెండు ఊళ్ళ మధ్యా తిరిగి ఒక మాట మీదికి తెచ్చాడు. ఆ గొయ్యి హద్దే అని సాన్ తెల్మో అంటోంది. బొగ్గు కాల్చుకునేవాళ్ళ పాత బట్టీ అని శాంతా ఇనెస్ అంటోంది. బొగ్గు రెంటికీ చెల్లుతుంది. తేల్చాల్సింది దాని మీద దొరికిన నాణెం. ఆ నాణేన్ని గుర్తుపట్టగల మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఇరవై నాలుగున అందరి ముందు, గోతి దగ్గరే, ఆయన చేతిలో నాణెం పెట్టాలి. అదే హద్దు రాగి అంటే గొయ్యి నుంచి వాగు దాకా నేల వాళ్ళది, హిలారియోని లెఫ్టినెంట్‌కి అప్పగించాలి. కాదంటే నేల మాది, హిలారియో దొంగని చంపినవాడు, ఇంటికి పోవచ్చు. దీనికి రెండు ఊళ్ళూ ఒప్పుకున్నాయి. చెంపదెబ్బ తిన్న నోటి మీద శత్రువుకీ నమ్మకమే.

ముందు రోజు పొద్దున దోన్ ఎవారిస్తో మా పెరట్లోకి వచ్చాడు. తాత గుమ్మం దగ్గర కునుకు తీస్తున్నాడు.

"ముసలాయన అబద్ధమాడడు కాసిమీరా," అన్నాడు అమ్మతో, గొంతు తగ్గించి. "ఎనభై ఏళ్ళ మొండిఘటం. కాబట్టి ఆయన చేత నిజమే చెప్పిద్దాం." జేబులోంచి ఇంకో పాత రాగి తీశాడు. అదే సైజు, అరుగుడు కూడా అంతే, గాట్లు మాత్రం లేవు. "ఇది చేతిలో పెట్టండి. 'ఇది కాదు' అంటాడు. అది నిజమే కదా?"

"కళ్ళు లేనివాణ్ణి మోసం చేయడం పాపం కాదా దోన్?" అన్నాను.

"పాపం సంగతి ఫాదర్ చూసుకుంటాడు. ప్రాణం సంగతి మనం చూసుకుందాం." ఆయన వెళ్ళిపోయాడు.

అమ్మ ఆ రాగిని నా చేతిలో పెట్టింది. "తాతని నడిపించేది నువ్వే. ఇది ఇయ్యి. ఆ పాపిష్టి బిళ్ళని ఇప్పుడే పోయి వాగులో పారెయ్."

"అమ్మా, చోన్..."

"చోన్ పోయాడు. ఎవరెవరు పోయారో నాకు చెప్పకు. నాకు ఒక్కడే కొడుకు నిన్ఫా." అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఎద్దుల్ని కోసిన రోజు కూడా ఆవిడ నన్నలా పట్టుకోలేదు.

వాగు దగ్గరికి వెళ్ళాను. చెయ్యి ఎత్తాను. వేలి మీద చోన్ పళ్ళ గీత మచ్చ ఇంకా పోలేదు. తిరిగి వచ్చి "పారేశాను" అని చెప్పాను. నాణెం శాలువా కొంగున ముడిలో ఉంది.

ఇరవై నాలుగు పొద్దున ఎండ చురుక్కుమంటోంది. గోతికి ఇటు మావాళ్ళు, అటు వాళ్ళు, మధ్యలో సైనికులు. తుపాకులన్నీ వెనక రాళ్ళ దగ్గర పెట్టించామని లెఫ్టినెంట్ అన్నాడు. ఆయన ఊరికి కొత్త. అటువైపు ముందు వరసలో నసారియో భార్య బ్రీహిదా నల్లబట్టల్లో నిలబడి ఉంది, పక్కన అతని తమ్ముడు. ఇటువైపు అమ్మ, ఆవిడ వెనక హిలారియో. వాడు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అమ్మ ఉతికింది.

తాతని గోతిలోకి దింపాను. చెప్పులు విప్పేసి బొగ్గు మీద నిలబడ్డాడు. పాదాలతో అటూ ఇటూ తడిమాడు. "ఇయ్యి," అన్నాడు.

దోన్ ఎవారిస్తో ఇచ్చిన రాగిని ఆయన చేతిలో పెట్టాను.

తాత బొటనవేలు అంచంతా తిరిగింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిమ్మకాయ వాసన జూన్‌దే, అది ఇప్పుడు అసలుదానికీ ఉండదు. అయినా ఆయన వెతికింది దాన్నేనని నాకు తెలుసు. "ఇది కాదు" అన్న రెండు మాటలు ఆయన నోటి చివర ఉన్నాయి. అంటే చాలు, అన్న ఇంటికి వస్తాడు. అమ్మ పెదాలు కదులుతున్నాయి.

తాత నా వైపు వంగాడు. నాకు మాత్రమే వినబడేలా, "ఇది ఎవడిదో. నాది ఏదే?" అన్నాడు.

"పారేయమన్నారు తాతా."

"ఎవరేమన్నారో అడగలేదు. పారేశావా?"

తల ఎత్తితే అమ్మ కనిపిస్తుంది. ఎత్తలేదు. ఆ నేల ఎవరిదైతే నాకేం? కానీ పారేశానంటే రేపు ఇంకో నోట్లోంచి బొగ్గు తీయాలి, ఎల్లుండి ఇంకో నోట్లోంచి. తీసే ఓపిక నాకు లేదు. మా అన్నని అమ్మానో, ఊరిని బతికించానో ఎవరేమనుకున్నా అనుకోండి, ఆ క్షణాన నాకున్నది ఆ అలసట ఒక్కటే. కొంగు ముడి విప్పాను. ముడి చెమట తడికి బిగుసుకుని ఉంది, పళ్ళతో లాగాల్సి వచ్చింది.

తాత నాణేన్ని తడిమాడు. ఒక గాటు. రెండో గాటు. నెత్తి మీదికి ఎత్తి అందరికీ చూపించాడు.

"ఇదే," అన్నాడు, ఆ వయసులో అంత గొంతు ఎక్కడ దాచుకున్నాడో! "ఈ గాటు సాన్ తెల్మోది. ఈ గాటు శాంతా ఇనెస్‌ది. నా చెంప సాక్షి. హద్దు ఇక్కడ."

తాత చెయ్యి గాలిలో వెతికి నా భుజం దొరకబుచ్చుకుంది, అక్కడి నుంచి ముఖం మీదికి పాకింది. కొలత చూసుకుంటున్నాడని నాకు తెలియలేదు. ఉన్న బలమంతా పెట్టి నా ఎడమ చెంప మీద కొట్టాడు. కళ్ళ ముందు తెల్లబడింది, పెదవి చిట్లింది, బొగ్గులోకి మోకాళ్ళ మీద పడ్డాను.

"ఇక్కడ," అన్నాడు తాత. "నేను పోతాను. నువ్వు గుర్తుంచుకో."

అలా పడి ఉండగానే పైన కేకలు వినబడ్డాయి. సైనికులు హిలారియో వైపు నడిచారు. అన్న ముందు కదల్లేదట, అమ్మ ముఖం చూశాడట. తర్వాత పరుగెత్తాడు. మా వైపు పరుగెత్తి ఉంటే ఊరు దాచేది. ఎందుకో వాగు వైపు పరుగెత్తాడు. నసారియో తమ్ముడు దుప్పటి కింద నుంచి తుపాకి తీశాడు. రెండు గుళ్ళు. నేను గోతిలోంచి పైకి వచ్చేసరికి హిలారియో వాగు ఒడ్డున, నాణెం దొరికిందని తాతతో చెప్పిన ఆ ఇసుకలోనే, బోర్లా పడి ఉన్నాడు. అమ్మ అప్పటికే వాడి దగ్గర ఉంది. ఉతికిన చొక్కాని రెండు చేతులతో అదుముతోంది, నెత్తురు ఆపుదామని.

మావాళ్ళు రాళ్ళ దగ్గరికి, తుపాకులకోసం పరుగెత్తబోయారు. బ్రీహిదా వాగు ఒడ్డుకి వచ్చి అమ్మకీ తమ మగవాళ్ళకీ మధ్య నిలబడింది. లెఫ్టినెంట్ తుపాకి పేల్చినవాణ్ణి పట్టుకుని తాళ్ళతో కట్టించాడు. మావాళ్ళు ఆగారు. ఎలా ఆగారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ వారంలోనే రెండు ఊళ్ళ మనుషులూ కలిసి గొయ్యి పూడ్చారు. కింద బొగ్గు, పైన రెండు గాట్ల రాగి, దాని మీద కొత్త రాయి. తర్వాత ఆ చేను గురించి ఎవరూ చావలేదు.

కంకులు పాలు పోసుకునే రోజుల్లో తాత పోయాడు. తాడు పేనుతూ పేనుతూ తల వాల్చేశాడు. అమ్మ ఏడవలేదు. ఆగస్టు తర్వాత అమ్మ నాతో మాట్లాడనూ లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే కోళ్ళకి చెప్పేది. "నీళ్ళు లేవు, ఎవరైనా తెస్తారేమో" అని కోడిపెట్టతో అనేది, నేను వెళ్ళి తెచ్చేదాన్ని.

నవంబరు రెండున, చనిపోయినవాళ్ళు భోజనానికి ఇంటికి వచ్చే రోజున, అమ్మ బల్ల మీద బంతిపూలు పరిచింది. హిలారియో టోపీ పెట్టింది. వాడికిష్టమైన గుమ్మడికాయ, రొట్టెలు, చిన్న గ్లాసులో మెస్కాల్ పెట్టింది. తాతకి ఏమీ పెట్టలేదు. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. పెట్టమని అడిగే ముఖం నాకు లేదు.

సరిగ్గా మధ్యాహ్నానికి గుడి గంటలు మొదలయ్యాయి. ఆ గంటలతోనే వాళ్ళు గడప దాటుతారని అంటారు. అమ్మ ఉన్నట్టుండి లోపలికి వెళ్ళి తాత నల్ల మట్టిగిన్నె తెచ్చింది, సగం పేనిన కిత్తనార తాడు తెచ్చింది. బల్ల చివర, హిలారియో టోపీకి దూరంగా, పెట్టింది. గిన్నెలో గంజి పోసింది. బెల్లం దిమ్మ తీసి సన్నికల్లు గుండుతో ఒక్క దెబ్బ కొట్టింది. ఒక ముక్క గంజిలో వేసింది.

రెండో ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఎడమ చెంప మీద బొటనవేలితో ఒకసారి రాసింది. చంటిపిల్లకి పెట్టినట్టు గడ్డం పట్టుకుని నా నోట్లో బెల్లం పెట్టింది.

"ముసలాడు ఇది పెట్టకుండానే పోయాడు," అంది. "తిను."